బయలుదేరేముందు అడగాల్సిన ప్రశ్న: తిరిగొచ్చే దారి ఉందా?

 

ఈరోజు మేము మాట్లాడబోయేది మానవ అక్రమ రవాణా గురించి. ఈ మాట అనగానే మనలో చాలామందికి సినిమా గుర్తొస్తుంది. రాత్రిపూట జీపు వస్తుంది, నోటికి గుడ్డ కడతారు, ఎత్తుకుపోతారు. అలాంటివి అసలు జరగవని మేము అనడం లేదు. కానీ మన ప్రాంతంలో మనుషులు ఎక్కువగా పోయేది అలా కాదు. పట్టపగలు, ఆర్టీసీ బస్సులో, కొత్త బట్టలు కట్టుకుని, అమ్మానాన్నలకు చెప్పి మరీ పోతారు. తీసుకెళ్ళేవాడు కూడా ముక్కూమొహం తెలియనివాడు కాదు. సంతలో పలకరించే మనిషి, పక్క ఊరి అక్క, నిరుడు పనికి వెళ్ళొచ్చిన చుట్టం. అందుకే మనం ముందుగా గుర్తుపట్టలేకపోతున్నాం.

మొదటే ఒక మాట చెప్పాలి. పనికి బయటికి వెళ్ళడం తప్పు అని మేము అనం. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, కూనవరం వైపు గాని, గోదావరికి ఇవతల బుట్టాయగూడెం, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు గాని, పోడు మీదా అడవి సరుకు మీదా పన్నెండు నెలలూ గడవవని మనందరికీ తెలుసు. మిరప కోతలకు ఖమ్మం, గుంటూరు వైపు వెళ్తాం. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు కుటుంబాలు వెళ్తాయి. ఇటుక బట్టీలకు వెళ్తారు. చదువుకున్న పిల్లలు రాజమండ్రిలో బట్టల షాపులకు, హైదరాబాదుకు, చెన్నైకి వెళ్తారు. వెళ్ళాలి, సంపాదించుకోవాలి. ఆ హక్కు మనకుంది.

మరి ఎక్కడ మొదలవుతుంది నేరం? మేము దీన్ని చిన్న మాటలో చెప్తాం. మనిషిని ఎంత దూరం తీసుకెళ్ళారు అన్నది కాదు ప్రశ్న. ఆ మనిషి తిరిగి రావాలనుకున్నప్పుడు రాగలడా లేదా అన్నదే ప్రశ్న. తిరిగొచ్చే దారి మూసేసి, మనిషి చేత చాకిరీ చేయించుకోవడం, ఒళ్ళు అమ్మించడం, అడుక్కు తినిపించడం, ఇదే అక్రమ రవాణా. పక్క మండలంలోని చెరువు గట్టు మీద కూడా జరగొచ్చు. సముద్రం దాటాకా జరగొచ్చు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన తాతల కాలంలో దీని పేరు వెట్టి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాము గంటందొర, మల్లుదొర వంటి మనవాళ్ళు ఎందుకు నడిచారు? అడవి చట్టాలు పోడును ఆపేశాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంవాళ్ళను రోడ్డు పనికి బలవంతంగా దింపి, ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. ఆ కోపం ఆ పోరాటానికి ఒక ముఖ్య కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో అది మొదలైంది. రాజుగారి ఫోటోకు దండ వేస్తున్నాం, మంచిదే. ఆయన వెంట నడిచినవాళ్ళు దేనిమీద తిరగబడ్డారో కూడా గుర్తుంచుకోవాలి.

అదే కాలంలో కింద డెల్టాలో ఇంకో కథ నడిచింది. కాకినాడ దగ్గర కోరంగిని ఇప్పుడు మనం మడ అడవులు చూడ్డానికి వెళ్తాం. ఒకప్పుడు అది ఓడరేవు. ఈ తీరం నుంచి వేలమంది తెలుగు కూలీలు బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కారు. అక్కడ తెలుగువాళ్ళకు 'కోరంగివాళ్ళు' అన్న పేరే పడిపోయింది. బ్రిటిష్ వాళ్ళు 1834 నుంచి బానిసత్వం రద్దు చేశామన్నారు. సరిగ్గా అప్పటినుంచే మారిషస్ చెరకు తోటలకు ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకుని మన దేశం నుంచి కూలీలను పంపారు. బర్మాకు అయితే మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి తీసుకెళ్ళేవాడు. ఆ బాకీ జీతంలో కోసుకునేవాడు. బాకీ తీరేవరకు మనిషి మేస్త్రీ చేతిలోనే. ఇప్పటి ఏజెంటు చేసే పని ఏమిటి? అప్పటి మేస్త్రీ చేసిందే. చేతిలో పుస్తకం బదులు సెల్‌ఫోన్ వచ్చింది.

వందేళ్ళ తర్వాత కూడా దారి మూసే తాళాలు ఇంచుమించు అవే. అబద్ధం, అప్పు, కాగితాలు లాక్కోవడం, సిగ్గు. ఇప్పుడు మన చుట్టూ జరుగుతున్న వాటిని ఈ నాలుగు తాళాలతో పోల్చి చూడండి.

మొదటిది అడ్వాన్సు కూలి. వానాకాలంలో ఇంట్లో గింజలు లేనప్పుడు, లేదా వరద వచ్చినప్పుడు మేస్త్రీ వస్తాడు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఎటపాక ఊళ్ళు ఎలా మునిగాయో మనం కళ్ళారా చూశాం. ఇల్లు పోయినవాడికి, పోలవరం ముంపు వల్ల ఊరే మారినవాడికి చేతిలో పెట్టే పదివేలు చాలా పెద్దవి. కుటుంబం మొత్తం బట్టీకో, చెరువుకో వెళ్తుంది. లెక్క మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది. బియ్యం ఖర్చు, మందుల ఖర్చు, సెలవు పెట్టిన రోజు, అన్నీ బాకీలోకే పోతాయి. ఊళ్ళో చావు జరిగినా భార్యనూ పిల్లలనూ అక్కడే ఉంచి మొగుడు ఒక్కడే వెళ్ళి రావాలంటాడు. ఆ మాట విన్న రోజే అర్థం చేసుకోవాలి, అది కూలి కాదు, తాకట్టు.

ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా ఆ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అడ్వాన్సు బాకీ రద్దయిపోతుంది. తీర్చాల్సిన పని లేదు. విడిపించినవాళ్ళకు సబ్ కలెక్టరు గాని ఆర్డీవో గాని విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం చాలా ముఖ్యం. పునరావాస సాయం దాని మీదే ఆధారపడి ఉంటుంది. 2016 పథకం ప్రకారం ఆ సాయం మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ 2 లక్షలు, మరీ దారుణమైన దోపిడీకి గురైనవారికి 3 లక్షల వరకు ఉంది. గిరిజనుల చేత వెట్టి చేయిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు అవుతుంది.

రెండోది గల్ఫ్. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్, ఖతార్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా ఉంది. వెళ్ళి ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు, పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఉన్నారు. జీతం అందక, తిండి సరిగా లేక, దెబ్బలు తిని రాలేకపోయినవాళ్ళూ ఉన్నారు. తేడా ఎక్కడ వస్తుందంటే, ఎక్కువగా కాగితాల దగ్గరే. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. దానితో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి అలా పంపరు. అందుకే దొంగ ఏజెంటు ఆధార్‌లో వయసు పెంచమంటాడు, లేదంటే విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. "అక్కడికి వెళ్ళాక అకామా కొట్టిస్తాం" అంటాడు. విజిట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు అక్కడి ప్రభుత్వం లెక్కలో పనివాళ్ళే కాదు. ఇక జీతం గురించి ఎవరిని అడుగుతారు?

లైసెన్సు ఉన్న ఏజెంటు వివరాలు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూడొచ్చు. అతను తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా వెళ్ళే దారి కూడా ఉంది. ఇంకో సంగతి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని యజమాని దాచుకోవడానికి వీల్లేదు. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం కూడా ఇదే చెప్తుంది. ఈ మాట వెళ్ళే అక్కకు ముందే తెలిసి ఉండాలి.

మూడోది చదువుకున్న మన తమ్ముళ్ళ సంగతి. "నాకు కంప్యూటర్ వచ్చు, నన్నెవరు మోసం చేస్తారు" అనుకునేవాళ్ళు కాస్త వినండి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి యువకులను కాంబోడియాకు పంపారన్నది కేసు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, చైనా ముఠాల కింద కూర్చోబెట్టి, ఫోన్లో మనవాళ్ళనే మోసం చేసే పని చేయించారు. చేయనన్నవాళ్ళను చీకటి గదుల్లో పెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు మోసాల అడ్డాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. డిగ్రీ ఉన్నా ఆ గది తలుపు లోపలి నుంచి తెరుచుకోలేదు.

నాలుగోది మాట్లాడటానికి అందరూ ఇబ్బంది పడేది. ప్రేమ, పెళ్ళి, సినిమా చాన్సు, బ్యూటీ పార్లర్ ఉద్యోగం, ఇలాంటి పేర్లతో ఆడపిల్లలను వ్యభిచారంలోకి దింపడం. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమై మూడు నెలలు తీయగా మాట్లాడి, "ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి స్టేషన్‌కు రా" అంటాడు. అటు హౌరా, ఇటు చెన్నై, రైలెక్కితే తెల్లారేసరికి భాష తెలియని ఊరు. లేదా కట్నం అక్కర్లేదు, ఎదురు డబ్బులిస్తామని వేరే రాష్ట్రం నుంచి పెళ్ళికొడుకును తెస్తారు. మంచివాడైతే అతని ఊరికి మీ పెద్దలు వెళ్ళి చూడ్డానికి అతనికి అభ్యంతరం ఎందుకుంటుంది? చెల్లెళ్ళూ, ఎవరికీ చెప్పొద్దు అన్న మాటే గుర్తు. నిజంగా ప్రేమించేవాడు నిన్ను నీ వాళ్ళ నుంచి విడగొట్టి ఒంటరిని చేయడు.

ఇక్కడ ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. "తనే ఇష్టపడి వెళ్ళింది కదా, డబ్బులు తీసుకుని సంతకం పెట్టాడు కదా, ఇంకేం నేరం?" స్టేషన్‌లో కూడా ఈ మాట వినిపిస్తుంది, మన పంచాయితీల్లోనూ వినిపిస్తుంది. దీనికి జవాబు మన చట్టంలోనే ఉంది. 1/70 మనందరికీ తెలుసు. ఏజెన్సీలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొంటే ఆ అమ్మకం చెల్లదు. వేలిముద్ర ఇష్టపడే వేశాడా, డబ్బు ముట్టిందా అన్నది చూడరు. ఎందుకని? ఆకలి, అప్పు, అజ్ఞానం ఆ వేలిముద్ర వేయిస్తాయని చట్టానికి తెలుసు కాబట్టి. మనిషి విషయంలోనూ అంతే. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో బాధితుల సమ్మతిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని రాసి ఉంది. భయపెట్టి, మోసం చేసి, ఆశ పెట్టి దోపిడీ కోసం మనిషిని చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అందుకున్నా నేరమే. ఒకరిని తరలిస్తే 7 నుంచి 10 ఏళ్ళ జైలు. ఒకరికి మించితే, లేదా 18 ఏళ్ళలోపు పిల్లలైతే 10 ఏళ్ళకు తగ్గకుండా యావజ్జీవం వరకు. భూమికి 1/70 ఎలాగో మనిషికి ఈ 143 అలాగ అని గుర్తుపెట్టుకోండి.

పిల్లల విషయం ఇంకా గట్టిది. 2000లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని మన దేశం 2011లో ఆమోదించింది. దాని ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలను దోపిడీకి తరలిస్తే మోసమో బలవంతమో జరిగిందని చూపించాల్సిన పని కూడా లేదు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. "ఎవరితోనో లేచిపోయి ఉంటుంది, నాలుగు రోజులు చూడండి" అంటే ఊరుకోవద్దు. ఆ నాలుగు రోజులే వాడికి కావాల్సింది. "మా స్టేషన్ పరిధి కాదు" అన్నా ఊరుకోవద్దు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి.

మరి మనం చేయాల్సింది ఏమిటి? పెద్ద పనులేం కాదు. తిరిగొచ్చే దారిని ముందే తెరిచి పెట్టుకోవడం.

బయలుదేరే ముందు ఆరు సంగతులు ఇంట్లో రాసి పెట్టాలి. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎవరు తీసుకెళ్తున్నారు, ఆ మనిషి ఫోన్ నంబరు, కూలి ఎంత, తిరిగొచ్చేది ఎప్పుడు. తీసుకెళ్ళేవాడి ఆధార్ ఫోటో, బండి నంబరు ఫోటో ఇంటివాళ్ళ ఫోన్‌లో ఉండాలి. నిజాయితీపరుడు కోపం తెచ్చుకోడు. కోపం తెచ్చుకున్నాడంటే మీకు జవాబు దొరికినట్టే. మన ఆధార్, పాస్‌పోర్టు, ఏటీఎం కార్డు కాపీలు ఇంట్లో పెట్టి వెళ్ళాలి. ముఖ్యమైన రెండు నంబర్లు ఫోన్‌లో కాదు, బుర్రలో ఉండాలి. ఫోన్ లాక్కుంటారు, బుర్ర లాక్కోలేరు. ఇంటికి చేరడానికి సరిపడా దారి ఖర్చు, ఎవరికీ చెప్పకుండా, బట్ట అంచులోనైనా దాచుకోవాలి. ఇంటివాళ్ళతో ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడు "అంతా బాగుంది" అని చెప్పించినా, ఆ ఒక్క మాట వింటే ఇంటివాళ్ళకు ఆపద తెలిసిపోయేలా.

గూడెంలో చేయాల్సిన పని ఒకటుంది. పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. వలస వెళ్ళేవాళ్ళ పేర్లు రాసే ఒక పుస్తకం గ్రామసభలో పెట్టుకుందాం. చదువుకున్న మీరే రాయాలి. ఇది ఎవరినీ ఆపడానికి కాదు. సంక్రాంతికి రావాల్సినవాళ్ళు రాకపోతే అడిగేవాళ్ళు ఉండటానికి. ఈ ఊళ్ళో లెక్క రాసుకుంటారు అని తెలిస్తే దళారి ఆ ఊరు ఒకటికి రెండుసార్లు ఆలోచించి వస్తాడు.

ఆపదలో ఉంటే ఈ నంబర్లు గుర్తుంచుకోండి. ఏ అత్యవసరానికైనా 112. పిల్లలకు 1098. ఆడవాళ్ళకు 181. రైల్లో, స్టేషన్‌లో 139. ఆన్‌లైన్ మోసానికి 1930. ఉచిత న్యాయ సహాయానికి 15100. గిరిజనులకు, ఆడవాళ్ళకు, అక్రమ రవాణా బాధితులకు లాయరు ఖర్చు లేకుండా సాయం పొందే హక్కు ఉంది. విదేశంలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. వీసా గడువు దాటిపోయినా వెళ్ళొచ్చు. కువైట్ 2018లో, మళ్ళీ 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గడువు దాటినవాళ్ళకు ఇంటికి చేరే వీలు దొరికింది. భయపడి దాక్కుంటే ఆ వీలు చేజారుతుంది.

ఇక చివరి తాళం. మేము ముందు నాలుగు తాళాలు చెప్పాం కదా, అబద్ధం, అప్పు, కాగితాలు, సిగ్గు. మొదటి మూడూ ఏజెంటు వేస్తాడు. నాలుగోది మనం వేస్తాం. మోసపోయి తిరిగొచ్చిన ఆడపిల్ల ఊళ్ళోకి అడుగుపెట్టగానే గుసగుసలు మొదలవుతాయి. కులపెద్దలు తప్పు కట్టమంటారు. పెళ్ళి సంబంధాలు రావు. డబ్బు లేకుండా వచ్చిన తమ్ముణ్ణి "పోయి ఏం తెచ్చావురా" అని ఎగతాళి చేస్తారు. అక్కడ చిక్కుకున్నవాళ్ళకు ఈ సంగతులన్నీ తెలుసు. "ఇంటికి పోయినా నిన్ను రానివ్వరు" అని వాడు చెప్పే మాట నిజమేనేమో అని నమ్ముతారు. గది తాళం పగిలినా ఈ తాళం పగలదు. పోలీసులు విడిపించినా కొందరు మళ్ళీ అదే చోటికి ఎందుకు వెళ్తున్నారంటే, వాళ్ళను తీసుకోవడానికి ఊరు సిద్ధంగా లేదు.

కాబట్టి పెద్దలకు మా విన్నపం ఒకటే. తిరిగొచ్చినవాళ్ళ మీద తప్పు వేయొద్దు. తప్పు చేసినవాడు వేరే ఉన్నాడు, చట్టం వాడి మీద వేస్తుంది. యువతకు మా మాట ఇది. వాళ్ళు వచ్చినప్పుడు ఏం జరిగింది అని తవ్వి తవ్వి అడగకండి. వాళ్ళ ఫోటో, పేరు వాట్సాప్‌లో పెట్టకండి. బాధితుల వివరాలు బయటపెట్టడం చట్ట ప్రకారం కూడా నేరం కావచ్చు. తిన్నారా అని అడగండి. పక్కన కూర్చోండి. రేషన్ కార్డులో పేరు ఉందో లేదో చూడండి, ఐటీడీఏ ఆఫీసుకు తోడు వెళ్ళండి. మళ్ళీ పండక్కి డోలు కొట్టినప్పుడు చేయి పట్టి రేలా ఆటలోకి తీసుకెళ్ళండి.

మన పెద్దలు వెట్టి మీద పోరాడి మనకు తలెత్తుకునే బతుకు ఇచ్చారు. మన వంతు పని దానికంటే చిన్నది. వెళ్ళేవాళ్ళకు ధైర్యం చెప్పి పంపడం, రానివాళ్ళను వెతకడం, వచ్చినవాళ్ళను మన మనుషులుగానే చూసుకోవడం. ఈ సభ అయిపోయి ఇంటికి వెళ్ళగానే, మీ గూడెం నుంచి ఈ ఏడు బయటికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. ఎవరి ఫోన్ కలవలేదో, ఎవరి గొంతు తేడాగా ఉందో, అక్కడి నుంచి మన పని మొదలుపెడదాం.